ఊరికి కొత్త ఎవరు?

తొంభైల చివర్లో, ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కాకినాడ నుంచి మొదటిసారి హైదరాబాద్ వచ్చాను. మాదాపూర్ వెళ్లే సిటీ బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. నల్లటి మనిషి, బిగుతైన ఉంగరాల జుట్టు. ఆఫ్రికా నుంచి కంపెనీ పనిమీద వచ్చాడనుకున్నాను. దారి తెలియక బిక్కుబిక్కుమంటున్నది నేనైనా, పాపం పరాయి దేశస్థుడు కదా అని, ఇంగ్లీషులో వాక్యం కూడబలుక్కుని ఏ దేశమని అడిగాను.

ఆయన నవ్వాడు. "తెలుగు రాదా అన్నా? మాది ఈడనే, మాసబ్‌ట్యాంక్. మా ముత్తాత ఆఫ్రికా నుంచొచ్చి నిజాం ఫౌజ్‌ల పనిచేసిండు. మేము పెండ్లిళ్లల్ల మర్ఫా డప్పు కొడ్తం. మీరెప్పుడొచ్చిన్రు?"

"ఇవాళ పొద్దున్నేనండి," అంటూ ఇంటర్వ్యూ ఆఫీసు అడ్రసు చూపించాను. సిగ్గేసింది.

"ఫికర్ చెయ్యకుండ్రి, తొవ్వ నేను జూపిస్త."

ఆయనా అదే ఆఫీసులో డ్రైవర్ పని అడగడానికి వెళ్తున్నాడట. బస్సు దిగాక రాళ్లగుట్టల మధ్య దుమ్ములో నడిపించి, నన్ను వేళకు చేర్చాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా చేతికి రిజిస్టర్ ఇచ్చి, ఆయన్ని చూస్తూ నన్నే అడిగాడు: "ఈ సార్‌ది ఏ దేశం?"

ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఆయనది ఈ ఊరేనండి. బయటినుంచి వచ్చింది నేను."

"గట్ల చెప్పాలె!" అంటూ ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. డప్పు కొట్టే చెయ్యి కదా, ఇంటర్వ్యూ అయ్యేదాకా వీపు చురచురమంటూనే ఉంది.