ఒంటి బూటుతో పోయిన జడ్జి

“గా బూటును జల్దీ కవర్ల చుట్టి చెత్తబండిల ఏసెయ్యిండ్రి అత్తమ్మా, మీ కాళ్లు మొక్కుత.”

“ఎందుకేస్త? మందిది, మనది కాదు గా బూటు. ఇంక సగం కుట్టేదున్నది.”

“మీరు కుట్టబట్టే కదా గీ పరేషానంత!”

“కుట్టినందుకు కాదు. ఆయన మన వరండాల కూసొని పిల్ల వాయించుడు ఇన్నందుకు.”

“ఇన్నడు, పోయిండు. ఎవ్వరికి తెల్వది. రేపు పొద్దుగాల లిస్టు పెడ్తరు. అందాక సప్పుడు చెయ్యకుండ ఉంటే పిల్ల ఫైనల్‌కు పోతది. మీరు పోయి చెప్తే పేరు కొట్టేస్తరు.”

“చెప్పకుంటే దొంగతనమైతది.”

“అవు, మీరొక్కరే నిజం చెప్పేటోళ్లు. మేమంత అబద్ధాలోళ్లం!” అని నా కోడలు పప్పు గిన్నెను ఠంగుమని దించింది. మా కొడుకు ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. గుడ్డపేలిక తీసుకుని బండి తుడవడానికి బయటికి పోయాడు.

మేమిద్దరం అలా పోట్లాడుకున్నది మా ఇంటి పిల్ల కోసం కాదు. వియత్నాం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి కోసం. పోయిన ఎండాకాలం శామీర్‌పేట దగ్గర ఒక కాలేజీ ఆడిటోరియంలో వయొలిన్ పోటీలు పెట్టారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో పిల్లలు వచ్చారు. వాళ్లను హోటళ్లలో దించకుండా ఊళ్లో వాళ్ల ఇళ్లలో ఉంచడం ఈ పోటీల పద్ధతట. ఇంటి తిండి, ఇంటి పడక, వాయించుకోవడానికి ఒక గది. తూంకుంటలో మా చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఈ సంగతి చెప్పి, గది ఖాళీ ఉన్నవాళ్లు చేతులెత్తమన్నారు. నా కోడలు ఎత్తింది. ఆమె స్కూల్లో టీచరు, ఇంగ్లీషు మాట్లాడే వంక దొరికితే వదలదు. ఆమె చెయ్యి కిందికి లాగాను గానీ అప్పటికే పేరు రాసుకున్నారు.

పిల్ల వచ్చింది. పెట్టె తనంత ఉంది, వీపు మీద వయొలిన్‌ను చంటిబిడ్డలా కట్టుకుంది. మొదటి రోజే నా పద్ధతులు చెప్పాను. గదిలో మనిషి లేనప్పుడు ఫ్యాను తిరగకూడదు. కంచంలో మెతుకు మిగలకూడదు. నేను తెలుగులో చెప్పాను, ఆమె ఫోను తన భాషలో చెప్పింది, ఆమె తలూపింది. మూడో రోజుకల్లా “అవ్వా, సాలు” అనడం నేర్చింది. అయినా నేను ఇంకో గరిటె వేసేదాన్ని.

మా ఎండకు ఆ వయొలిన్ ఎండిపోయి తీగలు చుట్టే బిరడాలు జారుతున్నాయని ఒకరోజు ఏడుపు ముఖం పెట్టింది. గాలిని తడిపే మిషను కొనాలంది. మిషనెందుకు? నా పాత నూలు చీరలు రెండు తడిపి కిటికీలకు వేలాడదీసి, మూలన మట్టిబేసిన్‌లో నీళ్లు పోసి పెట్టాను. ఆమె దగ్గర గాలిలో తేమను కొలిచే చిన్న డబ్బా ఉంది. సాయంత్రానికి అందులో అంకె ఎక్కిందని నా చీరలకు ఫోటో తీసుకుంది.

నిర్వాహకులు ఒక కాగితం కూడా ఇచ్చారు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ రెండుసార్లు చదివించుకుంటాను. కోడలు చదివింది. జడ్జీలు ఏడుగురు. పిల్లలు పరదా వెనక నిలబడి వాయిస్తారు, పేరుండదు, నంబరే. పోటీ అయ్యేదాకా జడ్జీలు వాయించేవాళ్లను గానీ, వాళ్లను ఉంచుకున్న ఇంటివాళ్లను గానీ కలవకూడదు, మాట్లాడకూడదు. కలిస్తే ఆ పిల్లను పోటీ నుంచి తీసెయ్యవచ్చు.

“గంతేనా? జడ్జి వస్తే గేటే తియ్య” అని సంతకం పెట్టాను.

జడ్జి అంటే నల్లకోటు, కారు, ముందొక డ్రైవరు అనుకున్నాను. భూమి కేసులో సాక్ష్యానికి పోయినప్పుడు మేడ్చల్ కోర్టులో అట్లనే చూశాను మరి.

పిల్ల వంతు వచ్చిన రోజు పొద్దున గేటు ముందు నీళ్లు చల్లుతున్నాను. మా లేఅవుట్‌లో రోడ్డుకు కంకర పోసి వదిలేశారు, ఇంకా తారు పడలేదు. ఆ కంకర మీద ఒక ముసలి తెల్లాయన, పొద్దుటి నడకకు వచ్చాడేమో, నిక్కరుతో కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. కుడికాలి బూటు అడుగు ఊడి, కుక్క నాలుకలా వేలాడుతోంది. వెనక నిజం కుక్కలు రెండు. నేను చీపురు తిప్పి కుక్కలను తరిమాను. ఆయన్ను లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. కాలు ఈడ్చేవాణ్ని గేటు బయట నిలబెట్టడం మా ఇంటావంటా లేదు.

వరండాలో కుర్చీ వేసి, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చాను. ఒక గ్లాసు తాగి రెండోది అడిగాడు. బూటు ఇప్పించి చూశాను. పైభాగం బంగారంలా ఉంది, అడుగే ఊడింది. పారేసే వస్తువు కాదు. గోనెసంచులు కుట్టే దబ్బనం, సిమెంటు సంచుల నుంచి విప్పి చుట్టిపెట్టుకున్న నైలాన్ దారం నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. కుట్టడం మొదలుపెట్టాను.

అప్పుడే పైన పిల్ల వాయించడం అందుకుంది. ముందు నిదానంగా ఒక్కో తీగనూ సాగదీస్తుంది, తర్వాత పాట. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్లు గ్లాసు మీద తీగలు నొక్కినట్టు కదులుతున్నాయి. రసికుడే, అనుకుని మురిసిపోయాను. పాట నెమ్మది నుంచి వడి అందుకునేసరికి ఆయన గబుక్కున కళ్లు తెరిచాడు. పైకప్పు చూశాడు, నన్ను చూశాడు, వేలు పైకి చూపించాడు.

నేను రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, “మా పిల్లనే. పోటీకి వచ్చింది” అన్నాను.

‘పోటీ’ అన్న మాట ఆయనకు అర్థం కాలేదు గానీ, నా చెయ్యి నిర్వాహకులు గోడకు అంటించిపోయిన పోటీ పోస్టరు వైపు పోయింది. అది అర్థమైంది ఆయనకు. తేలు కుట్టినట్టు లేచాడు. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకుని, ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి మేజోడుతో గేటు దాటి పరుగు.

నాకు ఒళ్లు మండింది. చేతిలో బూటుతోనే గేటు దాకా పోయాను.

“ఏందయ్యా! మా పిల్ల వాయించుడు చెవులు మూసుకునేంత ఖరాబుగున్నదా? రెండు గిలాసల సల్ల తాగి గిదా నీ మర్యాద? మీ ఇంట్ల పెద్దోళ్లు ఏం నేర్పలేదా? బూటన్న తీస్కపో!”

ఆయన వెనక్కి చూడలేదు. కుక్కలు మళ్లీ వెంటపడ్డాయి. ఈసారి నేను వాటిని ఆపలేదు.

మధ్యాహ్నం ఇస్త్రీ చీర కట్టుకుని కోడలితో ఆడిటోరియానికి పోయాను. స్టేజీ నిండా నల్లపరదా. వెనక నడిచేవాళ్ల అడుగుల చప్పుడు కూడా వినపడకుండా తివాచీ పరిచారట. హీల్సు చప్పుడును బట్టి ఆడపిల్లో మగపిల్లాడో జడ్జీలు పోల్చుకుంటారని. నంబరు పిలిచేవారు, పరదా వాయించేది, మేం పరదాకు చప్పట్లు కొట్టేవాళ్లం. “గింత దూరమొచ్చి బట్టను సూసి పోతున్నం” అన్నాను.

మధ్య వరసలో పొడుగాటి బల్ల, ఏడు చిన్న దీపాలు, ఏడుగురు జడ్జీలు. ఒకరి కాగితం వైపు ఇంకొకరు తల తిప్పడం లేదు. అది చూసి నాకు గౌరవం పుట్టింది. ఏడుగురినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ ఐదో మనిషి దగ్గర ఆగిపోయాను. కోటు, టై, దువ్విన తల. బల్ల కింద మాత్రం రబ్బరు చెప్పులు.

పొద్దున మా వరండాలో మజ్జిగ తాగినాయనే. పదిహేడు అని పిలిచారు, అది మా పిల్ల నంబరు. ఎలా వాయించిందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

అందుకే ఆ సాయంత్రం బూటు దగ్గర పోట్లాట.

“పిల్ల తప్పేమున్నది చెప్పుండ్రి అత్తమ్మా? పైన దాని పని అది చేసుకుంటున్నది. ఫైనల్‌కు పోయిన ఆరుగురికే ఫారిన్ మ్యూజిక్ కాలేజీల సీటు. పదేండ్ల కష్టం. మీ సల్లకు దాన్ని బలిస్తరా?”

ఆ మాటకు నా నోరు ఊరుకుంటుందా?

“మన చర్చిల క్రిస్మస్ పాటల పోటీకి జడ్జిగ కూసునే గా పెద్దమనిషి ఏటేటా మేనకోడలికే ఫస్టిస్తడని నిలబెట్టి కడిగిన్నా లేదా? ఇప్పుడు నా ఇంటికాడికొస్తే మూసిపెట్టాల్నా?”

“మీరు కడిగినా ఆయన ఇప్పటికీ మేనకోడలికే ఇస్తుండు!”

మెట్ల మీద అలికిడైంది. పిల్ల దిగివచ్చి నన్నూ, కోడల్నీ, నా ఒళ్లో బూటునూ చూసింది. కోడలు ఇంగ్లీషులో అంతా చెప్పింది. పిల్ల మెట్టు మీదే కూలబడి ఫోనులో ఏదో కొట్టింది. ఫోను వార్తలు చదివే గొంతుతో అంది: “రేపు నేను కూడా అమ్మమ్మగారితో వస్తాను. దయచేసి బూటు పూర్తి చేయండి.”

వచ్చి నా పక్కన కూర్చుని బూటును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. నేను మిగతా సగం కుట్టాను.

“ఇద్దరు ఇద్దరే దొరికిండ్రు” అని కోడలు కంచాలు పెట్టింది. పిల్ల ఆ పూట మెతుకు మిగిల్చింది. నేనే ఆ కంచం తీసి కడిగాను.

పొద్దున్నే ముగ్గురం ఆటోలో పోయాం. నిర్వాహకుల గదిలో కళ్లద్దాల అమ్మాయి ఒకతె కాఫీ తాగుతోంది. బల్ల మీద బూటు పెట్టాను. ఆమె కాఫీ పక్కకు జరుపుకుంది. కుక్కల దగ్గర్నుంచి చెవుల దాకా అంతా చెప్పాను.

“ఆయన మీతోటి ఏమన్న మాట్లాడిండా అమ్మా?”

“ఆయన మాట్లాడలే. నేనే మాట్లాడిన.”

“ఏం మాట్లాడిండ్రు?”

తిట్టినవన్నీ వరసగా అప్పజెప్పాను. ఆమె పెదవులు బిగబట్టి ఫైలులోంచి ఒక కాగితం తీసింది. అది ఆ జడ్జి నిన్న మధ్యాహ్నం, పోటీ మొదలవకముందే, రాసి ఇచ్చిందట. తెలుగు చేసి చదివింది. ఒక పెద్దామె నా బూటు కుట్టడం మొదలుపెట్టింది. తెల్లగా ఉప్పగా ఏదో ఇస్తే రెండు గ్లాసులు తాగాను. పైన ఎవరో వాయిస్తుంటే విన్నాను, పోటీకి వచ్చిన పిల్ల అని తెలియగానే లేచి వచ్చేశాను. ఆమె వెనక నుంచి చాలాసేపు ఏదో చెప్పింది. దారి జాగ్రత్త అని కాబోలు.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆయన చెప్పిన ఇంటిని బట్టి అది మీ పిల్లనే అని పోల్చినం. ఆయన మార్కులు మీ పిల్లకు లెక్కల పట్టలే అమ్మా. మిగిలిన ఆరుగురివే పట్టినం. మీరు రాకుంటే మేమే ఫోన్ చేసి అడిగేటోళ్లం. అప్పుడు కాదని బుకాయిస్తే మాత్రం పేరు తీసేసేటోళ్లం.”

నేను కోడలి వైపు చూశాను. కోడలు పైన ఫ్యాను వైపు చూసింది.

నేను చెప్పింది తెలుగులో రాయించి, ప్రతి లైనూ రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను. బూటు ఆమెకే అప్పగించాను. “ఆయన్ను నేను కలవద్దు కదా. మీరే ఇయ్యిండ్రి.”

పది గంటలకు అద్దాల తలుపుకు లిస్టు అంటించారు. పేర్లు లేవు, ఆరు నంబర్లే. మూడో లైనులో పదిహేడు ఉంది. నేను చదివేలోపే పిల్ల కేక పెట్టి నన్ను అమాంతం ఎత్తేసింది. గాలికి పడేటట్టుండే పిల్లకు అంత బలం ఎక్కడిదో!

“దించే, నడుము పోతది!” అని అరిచాను. దించి, కోడల్ని ఎత్తబోయింది గానీ చేతకాలేదు. కోడలు ఏడుస్తూ నవ్వుతూ ఫోటోలు తీసింది.

పిల్ల ఫైనల్‌కు పియానోతో కలిపి వాయించుకోవడానికి లోపలికి పోయింది. మేమిద్దరం తూంకుంటకు తిరిగివచ్చాం. కోడలు స్కూలుకు సెలవు పెట్టింది. ఆమె అన్నం వండింది, నేను దోసకాయ పప్పు చేశాను.