సవ్వడి అనే గజ్జెకత్తి

కింది వాటాలో ఎవరో గవ్వలు వేస్తున్నారు. అరచేతుల మధ్య గలగలలాడించి గచ్చు మీద వదిలినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడుకు నా చేతిలో పెన్ను ఆగిపోయింది. గవ్వలంటే ఇతరులకు ఏమేం గుర్తొస్తాయో గాని, నాకు రాగిరంగు చంద్రుడు, ఇసుక మీద నడిచే ఓడలు, వాటి మధ్య ఒంటరిగా తిరిగే ఒక కత్తుల నర్తకి గుర్తొస్తాయి. ఆ లోకాన్నంతా కల్పించిన ఎస్తేరు గుర్తొస్తుంది.

ఎస్తేరు విజయనగరంలో మా పక్కింటావిడ. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నన్ను అక్కా అనడానికి బదులు అప్పా అనేది. 2013లో చెల్లెలింట్లో కంప్యూటరు మీద ఆడే యుద్ధాల ఆటను వారం పాటు చూసి వచ్చి, "గుండీలు నొక్కడమే గానీ ఆళ్ల నోట్లో మాట నేదప్పా. మనం మాటల్తో ఆడుకుందాం" అంది. అప్పటి నుంచి ఆదివారం చర్చి అయ్యి, భోజనాలు అయ్యాక ఆమె వసారాలో చాప పడేది. కథ నడిపేది ఎస్తేరు. ఆడేది నేను, భోగాపురం వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే నూకాలు. ఎదురైన ఆపద ఏమిటో ఎస్తేరు చెబుతుంది. మేం ఏం చేస్తామో చెప్పి గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం.

నూకాలు ఓడ నడిపే మనిషిని ఎంచుకుంది. నాకు గజ్జెకత్తి వచ్చింది. ఆ లోకంలో అదొక కులం. కాళ్లకు గజ్జెలతో పాటు కత్తులు కట్టుకుని నాట్యం చేస్తూ యుద్ధం చేస్తారు. పుట్టుకతో ఏడు ఊపిరులుంటాయి. ఆడిన ప్రతిసారీ ఊపిరి ఖర్చవుతుంది, తిరిగి రాదు. ఇద్దరు ఒకచోట ఆడితే ఒకరి లయ రెండోవారి ఊపిరిని లాగేస్తుంది కాబట్టి ఎవరికి వారు ఒంటరిగా బతుకుతారు. నాది ఆ కులంలో ఆఖరిది. సవ్వడి అని పేరు పెట్టాను. ఎస్తేరు ఆ పేరును వసారా గోడ మీద సుద్దతో రాసి, షరతు చెప్పింది. గజ్జెకత్తికి నా అనేవాళ్లుండరు. అందుకని అది చచ్చిన రోజున, ఆ మరణం ఎలా జరిగిందో ఆ పాత్రను ఆడినవాళ్లే లేచి నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే గోడ మీది పేరు చెరిపేస్తారు. అలాంటి మనిషి పుట్టనే లేదన్నమాట.

నేను జూట్ మిల్లు అకౌంట్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసినదాన్ని. కూడికలో తప్పు పట్టమంటే పడతాను. నిలబడి మాట్లాడడం నాకు రాదు. మా ఆయన పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లకు ఆస్పత్రిలో చేర్చిన తేదీ, ఎక్కించిన సెలైన్ సీసాలు చెప్పాను గాని, ఆయన ఎలాంటి మనిషో చెప్పలేదు. అందుకని ఆటలో ఒక దారి కనిపెట్టాను. ఆడకపోతే ఊపిరి పోదు, ఊపిరి పోకపోతే చావు రాదు, చావు రాకపోతే నేను లేవనక్కర్లేదు. యుద్ధం వచ్చిన ప్రతిసారీ సవ్వడిని కొండగుహలో దాచాను.

నూకాలు ఊరుకోలేదు. "నా ఓడకి మల్లీ మల్లీ నిప్పెట్టినారు. నివ్వేమో కాళ్లకి కత్తులు కట్టుకుని గుహలో కూకున్నావు. ఏటొదినా, తుప్పట్టిపోవా అవి?"

"నూనె రాస్తున్నాను" అన్నాను.

ఎస్తేరు నవ్వింది. "రూలుకి ఎదురేటీ నేదు నూకాలూ, అప్ప లెక్క కరెట్టే" అని నా వైపు తిరిగింది. "కానప్పా, రెండేళ్లయినాది. దాని గురించి ఎవులైనా అడిగితే ఏటి సెప్పాల? పేరు సెరిగిపోడానికి సావక్కర్నేదు."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

2015 వర్షాకాలంలో నూకాలు ఓడ ఇసుకలో కూరుకుపోయింది. లోపల ఆమె జనం. ఎదురుగా ఆవిరి కక్కుతూ ఇనుప దున్నల మంద. "ఈపాలి దారి నేదొదినా" అంది నూకాలు. ఆ గొంతులో వేళాకోళం లేదు. నేను లెక్క వేశాను. ఏడు ఊపిరులూ ఒకేసారి ఖర్చు చేస్తే తప్ప ఆ మంద ఆగదు. ఒక్కటి మిగుల్చుకునే దారి కోసం వెతికాను. లేదు. గవ్వలు చేతిలోకి తీసుకుని, "సవ్వడి బయటికొచ్చింది" అన్నాను.

మంద కూలింది. ఓడ కదిలింది. ఎస్తేరు తడిగుడ్డ పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

"లెగప్పా."

లేచాను. "ఏడు ఊపిరులూ..." అనగానే ఆమె గుడ్డను గోడకు ఆనించింది. "అంకెలొద్దు. కాలెలా ఎత్తిందో సెప్పు."

ఎడమ కాలు ముందు ఎత్తిందన్నాను. ఇన్నాళ్లూ ఆడని కాలు కాబట్టి మొదట తడబడిందన్నాను. ఇసుక వేడికి మడమలు కాలాయన్నాను. ఓడ మీద జనం అంచుకు వచ్చి నిలబడ్డారని, తనను ఒకరు చూస్తున్నారని పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తెలిసిందని, ఆ తర్వాత అడుగు తప్పలేదని చెప్పాను. మంద కూలాక కూడా గజ్జెలు కాసేపు మోగాయన్నాను. నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్తేరు గుడ్డను బకెట్లో పడేసి, "ఉంటాది పేరు" అంది.

2018లో ఎస్తేరు పోయింది. ఆమె గురించి ఎవరైనా చెబుతారా అని చర్చిలో పాస్టరుగారు అడిగితే నేను లేచాను. చాప దులిపే తీరు, మాట మధ్యలో ఆపి ఎదుటివాళ్ల వంతు కోసం ఎదురుచూసే తీరు, ఓడిపోతున్నవాళ్ల వైపు కాస్త వంగి కూర్చునే అలవాటు చెప్పాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరు పోయినా, రెండు మాటలు చెప్పమని నా దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడుగుతాను. మొన్న పాలాయన పోతే అతని కూతురొచ్చింది. ఏం చెప్పాలో తనకే తెలియడం లేదంది. మీ నాన్న ఎలా నడిచేవాడమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఏడుపు ఆపి ఆలోచించింది.

"కుంటీవోడు. మా గుమ్మం కనబడీసరికి మాత్రం తిన్నగా నడిసీవోడు, నాను సూత్తానని."

"ఇదే చెబుతాను" అన్నాను.