ముట్టుకోని గడియారం

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నిదానమ్మ అనేవారు. ఎగతాళికే లెండి! బళ్ళలో గంట కొట్టే గడియారాలు తయారుచేసే చోటు అది. సోల్డరింగ్ గదిలో నలుగురు ఆడవాళ్ళు. మిగిలిన ముగ్గురూ పది బోర్డులు ముగించేసరికి ఈవిడ ఏడోదాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూస్తూ ఉండేది. కానీ పద్దెనిమిదేళ్ళలో ఆమె చేసిన బోర్డు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తిరిగొస్తే ఒట్టు.

అలాంటిది ఆ ఏడు రెండు వందల గడియారాలు తిరిగొచ్చాయి. రోజుకు మూడేసి సెకన్లు ముందుకు పరిగెడుతున్నాయట. మూడు నెలలయ్యేసరికి బళ్ళు నాలుగు నిమిషాల ముందే వదిలేస్తున్నారు. పిల్లలు కిక్కురుమనలేదు, వాళ్ళకేం పట్టింది! గోలపెట్టింది హెడ్మాస్టర్లు.

కొత్త ఇంజనీరు ఒక బోర్డు తీసుకుని, గడియారానికి నడకనిచ్చే క్రిస్టల్ కాలికి మీటరు ప్రోబ్ ఆనించి చూశాడు. నడక సరిగ్గా ఉంది. ఇంకో పది చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"డిజైన్‌లో లోపం లేదు మేడం. ఇక్కడ బాగుండి అక్కడ పరిగెడుతున్నాయంటే సోల్డరింగ్ శుభ్రంగా లేనట్టే," అని యజమానురాలికి చెప్పేశాడు.

"వచ్చే సోమవారం దాకా చూస్తాను. తేలకపోతే ఈ గది మూసేసి పని బయటికిచ్చేస్తా," అందావిడ.

నలుగురి పొట్ట కొట్టే మాట అది. నిదానమ్మకు ఒళ్ళు మండిపోయింది. నా చేతికే వంక పెడతాడా! చెయ్యి అదే, సోల్డరింగ్ గన్ అదే. మరి మారిందేమిటి? క్రిస్టల్‌కు రెండు పక్కలా చెరో చిన్న కెపాసిటర్ వేస్తారు. పాత ఫోర్‌మన్ హయాంలో అవి పద్దెనిమిది పీకోల కొలతవి. ఈ ఇంజనీరు వచ్చాక పన్నెండువి వచ్చాయి. ఎందుకని అప్పుడే అడిగితే, "క్రిస్టల్‌తో వచ్చిన కాగితంలో పన్నెండని రాసుంది, కనపడట్లేదా అక్కా?" అని కసిరాడు.

ఇంకోటి కూడా ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఇంజనీరు ప్రోబ్ ఆనిస్తేనే బాగా నడుస్తున్నాయి. బళ్ళో ఎవరు ఆనిస్తారు?

సూపర్‌వైజరుకు చెప్పి రెండు గడియారాలు ఇంటికి తెచ్చుకుంది. ఒకదానికి పాత పద్దెనిమిదివి వేసింది. రెండోదాన్ని అలాగే ఉంచింది. రెండింటినీ ఫోన్ టైముకు కలిపి వంటింటి అలమరలో పెట్టి, అత్తగారిని కాపలా పెట్టింది.

"వారం రోజులు ఎవరూ ముట్టుకోకూడదు అత్తయ్యా."

"నా కొడుకునే ఇంత కనిపెట్టుకుని ఉండలేదే తల్లీ!" అంటూనే ఆ ముసలావిడ గరిటె పట్టుకుని, అలమర దగ్గరికెళ్ళిన ప్రతివాణ్ణీ అదిలించింది. కొడుకుతో సహా.

సోమవారం నిదానమ్మ రెండు గడియారాలనూ తీసుకెళ్ళి, యజమానురాలి ముందే ఇంజనీరు బల్ల మీద పెట్టింది. పద్దెనిమిదిది ఫోనుతో సెకను తేడా లేకుండా నడుస్తోంది. పన్నెండుది ఇరవై ఒక్క సెకన్లు ముందుంది.

"ఇప్పుడు దీనికి మీ ప్రోబ్ పెట్టండి సార్."

పెట్టాడు. మీటరు మళ్ళీ బాగుందనే చూపించింది.

"చూశారా? మా ఆయనా అంతే. నేను ఎదురుగా ఉన్నంతసేపే బుద్ధిమంతుడు!"

తలుపు దగ్గర నిలబడ్డ ముగ్గురూ పకపకా నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. కాగితం లాక్కుని గబగబా లెక్క వేశాడు.

"రెండు కెపాసిటర్లు కలిస్తే క్రిస్టల్‌కు అందేది సగమే మేడం. రెండు పన్నెండ్లకు ఆరు. బోర్డు తీగల్లో ఇంకో మూడుంటాయి. మొత్తం తొమ్మిది. అది అడిగేది పన్నెండు! బరువు చాలక పరిగెట్టింది. పద్దెనిమిదివి వేస్తే తొమ్మిదీ మూడూ పన్నెండు, సరిపోతుంది. ప్రోబ్‌కు కూడా సొంత పీకోలుంటాయి, నేను కొలిచినంతసేపూ లోటు అదే పూడ్చింది." పెన్ను కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "తప్పు నాది. అక్క సోల్డరింగ్‌లో ఏ లోపమూ లేదు."

నిదానమ్మకు కళ్ళు చెమర్చాయి. చెంగుతో తుడుచుకుని తల ఎత్తుకు నిలబడింది. అంత సంతోషం ఆమె ఎరగదు.

యజమానురాలు సోల్డరింగ్ గది వైపు చూసింది. "ఈ రెండు వందలూ మీ నలుగురే మార్చాలి. ఎన్నాళ్ళు పడుతుంది?"

"పది రోజులు మేడం," అంది నిదానమ్మ. "తొందరపెడితే నెల."