కుర్సీ సినిమాలో మా అవ్వ నవ్వు

ఆ వీడియో క్యాసెట్ డబ్బా తెరిస్తే ఇప్పటికీ ఎండిన వేపాకు, పాత ప్లాస్టిక్ కలిసిన వాసనొస్తుంది. పోయిన నెల దాన్ని వెతుక్కుంటూ హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు మా అమరచింతకు వచ్చాడు. ఎవరికీ దొరకని సినిమాలు పోగేయడం అతని పిచ్చి.

ఆ సినిమా తీసింది జుట్టు పెంచుకున్న కాలేజీ పిల్లలు. హీరో లేడు, పాట లేదు; చినిగిన ప్యాంట్లేసుకున్న నలుగురు ఒక కుర్చీని ఊరంతా మోసుకు తిరుగుతూ కనబడ్డవాళ్ళనల్లా కూర్చోమంటారు, ఎవరూ కూర్చోరు, చివరికి ఒక పోలీసాయన కూర్చుంటాడు, ఇక లేవలేడు. అంతే కథ. ఎక్కడా నాలుగు రోజులు ఆడలేదట.

పెళ్ళిళ్ళకు వీడియో తీసే మా పక్కింటి మహబూబ్ మామ ఒక రంజాను మరునాడు దాన్ని అద్దెకు తెచ్చాడు. కిటికీలకు గొంగళ్ళు కట్టి, మిగిలిన షీర్ ఖుర్మా గిన్నెల్లో పోసిస్తే, ఉడకబెట్టిన పల్లికాయలు వలుచుకుంటూ వాడకట్టంతా కూర్చున్నాం. కాపీ తీయడానికి రెండో వీసీఆర్ లేదు గనక మామ తన పెళ్ళిళ్ళ కెమెరానే టీవీ ముందు నిలబెట్టాడు. సినిమాతోపాటు మా దగ్గులు, పల్లిపొట్టు చప్పుడు అన్నీ అందులోకెక్కాయి. తాత పోయినప్పటి నుంచి నవ్వడమే మరిచిన మా అవ్వ, పోలీసాయన కుర్చీతో సహా లేవబోయేసరికి, "మన పట్వారి గూడ కుర్సీకి గిట్లనే అతుక్కున్నడు, లేవనే లేవడు" అంటూ కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఆమె గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదు.

కుర్రాడొచ్చిన రోజు మామ అటక మీది వీసీఆర్ దులిపి ఆ క్యాసెట్ వేశాడు. కుర్రాడు చూసి ముఖం చిట్లించాడు.

"ఈ సినిమాకు ఇదొక్కటే మిగిలింది సార్. ఆ ముసలామె నవ్వు తీసేసి శుభ్రం చేయిస్తా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి నవ్వు ఎవరు తీసేది? క్యాసెట్ బయటికి లాగి డబ్బాలో పెట్టేశాను. మామ నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని, మళ్ళీ వీసీఆర్‌లో వేసి కుర్రాడి వైపు తిరిగాడు.

"నవ్వు తీస్తే అండ్ల ఏం మిగులుతది బిడ్డా? జర ఇంకోపారి ఇను."

ఈసారి అవ్వ నవ్వేచోట కుర్రాడి పెదవులు కదిలాయి, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు ముట్టనని మాటిచ్చి తన లాప్‌టాప్‌లోకి కాపీ తీసుకుపోయాడు.

వీసీఆర్ మళ్ళీ అటకెక్కింది. ఒక్క టీవీ ముందు వాడకట్టంతా కూర్చునే రోజులు పోయాయి, గొంగళ్ళు కట్టి పట్టపగలు చీకటి చేసుకునే పనీ పోయింది. నిన్న ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. హైదరాబాదులో పదిమందిని కూడేసి సినిమా వేశాడట. పోలీసాయనను చూసి ఎవరూ నవ్వలేదట గానీ, అవ్వ నవ్వగానే హాలంతా నవ్విందట. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. బతికున్నన్నాళ్ళు మా అవ్వ పక్కనున్న గద్వాల దాటి ఎన్నడూ పోలేదు.