‘వేయబడుచున్నది’ అని రాసిన అర్జీ

నా చిన్నప్పుడు, మంగళగిరిలో మా నేతవాళ్ళ వీధిలో ఉండగా, తెలుగు పరీక్షలో నాకు ఎప్పుడూ ఒకే ప్రశ్న దగ్గర మార్కులు పోయేవి. ఒక పేరా ఇచ్చి, అందులో ముఖ్యమైన వాక్యం కింద గీత గీయమనేవారు. నేను ప్రతిసారీ మొదటి వాక్యం కిందే గీసేసి చేతులు దులుపుకునేదాన్ని.

పక్కింటి అక్క రోజూ బస్సులో బెజవాడ వెళ్ళి టీచర్ ట్రైనింగ్ చదివేది. నా అవస్థ చూడలేక ఒక సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చోబెట్టింది. ఆ పేరా వీధిలో చెత్త గురించి. దోమలు, జ్వరాలు, కుండీలు, ఎరువు, అన్నీ ఉన్నాయి. “ఒక్కో వాక్యం మీద వేలు అడ్డం పెట్టి మిగతాది చదువు. ఏది మూస్తే మిగతావన్నీ ఎందుకు చెబుతున్నారో తెలియకుండా పోతుందో, అదే” అంది. దోమల్ని మూశాను, పేరాకి ఏమీ కాలేదు. నాలుగో వాక్యం, ‘ఎవరింటి చెత్తకు వారే బాధ్యులైతేనే వీధి శుభ్రంగా ఉంటుంది’ అన్నది మూశాను. మిగిలినవన్నీ దిక్కులేనివైపోయాయి. నాకెంత సంబరమో. వారం రోజులు కనిపించిన ప్రతి కాగితం మీదా వేలు పెట్టాను.

ఆ వారంలోనే మా తాతయ్య మునిసిపాలిటీకి అర్జీ పెట్టించాడు. మా వీధి కాలవ పూడిపోయి, వాన పడితే మురుగు ఇళ్ళలోకి వచ్చేది. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నాన్న నేసేవాడు. నీళ్ళొస్తే ముందు మునిగేది అదే. అప్పుడే మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాడు, పెళ్ళివారి చీరలకి. నా దస్తూరీ బాగుంటుందని తాతయ్య చెబుతుంటే నేను రాశాను. ఇంట్లో ‘ఒసేయ్, ఇటు రా’ అనే మనిషి అర్జీ అనేసరికి గ్రాంథికం అందుకున్నాడు. ‘మా వీధి కాలువయందు చెత్త వేయబడుచున్నది. తన్మూలమున మేము మిక్కిలి ఇక్కట్లకు లోనగుచున్నాము.’ వీధంతా వచ్చి సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

అందరూ వెళ్ళాక అలవాటుగా వేలు పెట్టి చదివాను. ఏ వాక్యం మూసినా అర్జీకి ఏమీ కాలేదు. అసలు వాక్యమే అందులో లేదు. వేయబడుచున్నది, సరే. ఎవరిచేత? రోజూ పొద్దున్నే మా ఇంటి బుట్ట తీసుకెళ్ళి కాలవలో బోర్లించేది నేనే. గంజి మడ్డి, పోగుల ముక్కలు, కూరల తొక్కలు. నా తర్వాత అక్క వాళ్ళమ్మ. ఆ తర్వాత సంతకం పెట్టినవాళ్ళంతా. మా ఒక్క బుట్టకే కాలవ పూడుతుందా అని ప్రతి ఇల్లూ అనుకునేది.

తాతయ్యతో, ఎవరు వేస్తున్నారో రాయలేదుగా అన్నాను. “అర్జీలో అలా రాయకూడదే, మర్యాద కాదు” అన్నాడు. అక్కకి తీసుకెళ్ళి చూపించాను. రెండుసార్లు చదివింది. “నువ్వు పట్టుకున్నది కరెక్టేనే. కానీ వీధిలో పెద్దవాళ్ళందరికీ, వేసేది మీరేనండీ అని నేనెలా చెప్పను? రేపు మా అమ్మ వాళ్ళ మధ్యే తిరగాలిగా” అంది. పాఠం చెప్పేటప్పుడు అంత ధీమాగా ఉన్న మనిషి, ఆ కాగితం మడిచి నా చేతిలో పెడుతూ నా మొహం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి పూడిక తీసి వెళ్ళారు. తాతయ్య నాలుగు రోజులు మీసం మీద నుంచి చెయ్యి తీయలేదు. నెల తిరక్కుండా కాలవ మళ్ళీ నిండింది. అమ్మ బుట్ట చేతికిస్తే నేనూ వెళ్ళి పోసి వచ్చాను, కాదనడానికి నోరు రాక.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కురిసిన వానకి మురుగు గడప దాటింది. గుంట నిండి మగ్గం మీదికి వచ్చింది. గంజి పెట్టిన పడుగు తడిసి, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాన్న ఆ నీళ్ళలో నిలబడి వాటిని విడదీయబోయాడు. విడదీసిన చోటల్లా తెగాయి. కాసేపటికి మానేసి, “ఇంత చెత్త ఎక్కణ్ణుంచి వస్తుందో” అన్నాడు, ఎవరితోనూ కాదు. నేను పక్కనే చెంబుతో నీళ్ళు తోడుతున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఏ కాగితం చదివినా అసలు మాట ఎక్కడుందో, ఎక్కడ లేదో ఇట్టే తెలిసిపోతుంది. ఆ విద్య అక్క పెట్టిన భిక్షే. తెలిశాక పైకి అనడం మాత్రం ఆమెకీ చేతకాలేదు, నాకూ రాలేదు. ఆ చెత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో, నాన్న పోయేదాకా ఆయనకి నేను చెప్పలేదు.