చిన్నమ్మ చెవిలో కోడలు

కంటి శుక్లం తీసిన డాక్టరమ్మ కొన్నాళ్లు అక్షరం ముట్టొద్దని కట్టడి చేసింది. ఏళ్ల తరబడి బడిలో పిల్లల చేత చదివించిన నాకు చదవకుండా కూర్చోవడం పథ్యం కన్నా కష్టమైంది. నా అవస్థ చూడలేక మా అమ్మాయి ఫోన్‌లో ఏదో ఎక్కించి, వచ్చిన కబుర్లన్నీ అదే పైకి చదివేటట్టు చేసి పెట్టింది. ఎవరిదో పెళ్లి పిలుపు చదువుతూ ఆ ఆడగొంతు "చిట్యాల" అన్నది. ఎక్కడా విరగకుండా, బస్సు కండక్టరు అన్నంత సాఫీగా అన్నది. కంటికి గుడ్డ కట్టుకుని నేనొక్కదాన్నే పకపకా నవ్వాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. దానికి ఆ ఊరి పేరు నేర్పింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, కేతేపల్లిలో పుట్టింది. పసితనంలో జ్వరమొచ్చి చూపు పోయింది. అందుకు ఆమె విచారించగా నేనెప్పుడూ చూడలేదు గానీ, ఎదుటివాళ్లు విచారిస్తే మాత్రం కోపమొచ్చేది. చర్చిలో ఆమె కీర్తన ఎత్తుకుంటే పాస్టరయ్య తన ప్రసంగం కుదించుకోవాల్సిందే. నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ దగ్గర ఉద్యోగం దొరికి, మా ఇంట్లోనే ఉండేది. రోజూ నా స్కూటీ వెనక కూర్చుని, గుంతలను బట్టి ఎక్కడిదాకా వచ్చామో చెప్పేది. తెలంగాణ వచ్చిన కొత్తలో, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, ఆఫీసులో ఆ టెలిఫోన్ పెట్టెను పలకరించేవాళ్లే లేకపోయారు. ఇక ఈమెకు ఏ పని చెప్పాలా అని ఆఫీసువాళ్లు తలలు పట్టుకున్న రోజుల్లోనే, హైదరాబాద్ నుంచి ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం వాళ్లు వచ్చారు.

కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం ఎట్లా రాశారో దాచకూడదు, ఎవరైనా తెరిచి చూడొచ్చు, దిద్దుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు అన్నది వాళ్ల పట్టు. చందాల మీద బతికే సంఘం. తెర మీద అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి చిన్నమ్మ కంప్యూటర్లో పెట్టి, వాడటం నేర్పారు. జనం కంప్యూటర్ ద్వారా పంపిన అర్జీలను అది చదువుతుంటే చిన్నమ్మ విని, ఏది ఏ సెక్షన్‌కు పోవాలో అక్కడికి పంపేది. రోజంతా చెవిలో మాట్లాడే ఆ గొంతుకు ఆమె "కోడలు" అని పేరు పెట్టింది. పెళ్లే చేసుకోని మనిషికి కోడలేమిటని ఆఫీసంతా నవ్వింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఈ కోడలికి అత్త ఉంది, రోజూ వంకలు పెట్టేది. ముఖ్యంగా చిట్యాల దగ్గర. "చిట్" అని ఆగి, ఊపిరి తీసుకున్నట్టు నిలబడి, ఆ తర్వాత "యాల" అనేది ఆ కోడలు. ఏటా వానలు తగ్గాక సంఘం వాళ్లు నకిరేకల్‌లో ఒక బడిలో జాగా అడుక్కుని కూర్చునేవారు. ఆ ప్రోగ్రాం వాడేవాళ్లంతా వచ్చి తప్పులు చెప్పుకుంటే, వెళ్లి దిద్దేవారు. మా చిన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పంచాయితీకి పోయినట్టు పోయేది. "పిల్ల మంచిదే గని మన దిక్కుది గాదు, జర నేర్పాలె" అని మొదలుపెట్టేది. మరుసటి ఏడు చిట్యాల విరగకుండా పలికింది. చిన్నమ్మ దాన్ని మళ్లీ మళ్లీ అనిపించుకుని, ఆ పూట నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది.

అట్లా సాగుతుండగా ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. ఆయన వెనకే, కంపెనీల దగ్గర కొన్న ప్రోగ్రాంలు తప్ప వేరేవి ఉంచకూడదని పైనుంచి ఒక ఉత్తర్వూ వచ్చింది. కొనడానికి దొరికేదానికేమో తెలుగు రాదు. అధికారి చెడ్డవాడు కాదు. చిన్నమ్మను పిలిచి, పని లేదని ఫికర్ పడొద్దని, వచ్చి కూర్చుని పోతే చాలని, జీతం ఎక్కడికీ పోదని నచ్చజెప్పాడు. దయతోనే అన్నాడు. ఇంటికి వచ్చాక చిన్నమ్మ అన్నం ముట్టలేదు.

"నన్ను బొమ్మ లెక్క కూసోబెడ్తరట బిడ్డా," అన్నది.

సంఘానికి ఫోన్ చేశాను. వాళ్ల తరఫున పాలమూరులో పనిచేసే పిల్ల ఒకతి బస్సు దిగి వచ్చింది. ఆమెకు ఏడాది పొడవునా ఇదే పని. ఒకపక్క తప్పులు దిద్దించాలి, ఇంకోపక్క దిద్దినదాన్ని ఎవరూ బయటికి తోసెయ్యకుండా కాపాడుకోవాలి. ముగ్గురం అధికారి ముందు కూర్చున్నాం. ఆ పిల్ల ఓపికగా చెప్పింది, ఆయనా ఓపికగానే విన్నాడు. కానీ ఆయన చిక్కు ఒకటే.

"అంతా బాగుందమ్మా. కానీ దీనికి ఓనర్ ఎవరు? రేపు ఏదైనా అయితే నేనెవరిని పట్టుకోవాలి?"

ఓనర్ అంటూ ఒకరు లేరని, ఇది అందరిదీ అని ఆ పిల్ల అన్నది. ఓనర్ లేనిదాన్ని లోపల ఎట్లా ఉంచుతానని ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పటిదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చిన్నమ్మ నోరు విప్పింది.

"మా బాపు దొర దగ్గర జీతం ఉండె సారు. యాడికి పోయినా నువ్వెవరి మనిషివని అడిగెటోళ్లు. దొర పేరు చెప్తెనే మంచినీళ్లు పోసెటోళ్లు. దొరను ఇడిసిపెట్టినంక గూడ గట్లనే అడిగిన్రు. నేనెవ్వరి మనిషిని గానంటె, దొంగోడనుకొని ఊరవతల కూసోబెట్టిన్రు. మా బాపు దొంగ గాదు సారు."

జీతం ఉండటమంటే మా దగ్గర నెలనెలా డబ్బు తీసుకోవడం కాదు, ఒకరి ఇంట కట్టుబడి రాత్రింబగళ్లు చాకిరీ చేయడం. తాత జీతం ఉన్నాడని తెలుసు గానీ, ఊరవతల కూర్చున్నాడన్న సంగతి మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేను పక్కకు జరిగి చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను. తాత మీద జాలితో కాదు, ఇన్నేళ్లు ఆ మాట మనసులో పెట్టుకుని పక్కన నవ్వుతూ తిరిగిన చిన్నమ్మను చూసి.

ఆ మాటకు కరిగిపోయి అధికారి అక్కడికక్కడే సరే అన్నాడని చెబితే వినడానికి బాగుంటుంది. అట్లా జరగలేదు. ఆయన ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే అతన్ని పిలిపించాడు. పాలమూరు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం మొత్తం తెరిచి చూడమన్నాడు. దాచిందేమీ లేదు గనక చూడగలిగారు. తప్పేమీ దొరకలేదు. పట్టుకోవాల్సి వస్తే మా సంఘాన్ని పట్టుకోండి సార్ అని ఆ పిల్ల అన్నది. పైవాళ్లు అడిగితే తాను చెప్పుకుంటానని ఆయన అన్నాడు. చిన్నమ్మ తన కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోన్ చెవికి తగిలించుకుంది.

కథ అక్కడితో ముగిసిందనుకున్నాను. కొన్నాళ్లకు ఆ అధికారికి బదిలీ అయింది, వచ్చినాయన మళ్లీ మొదటికి వచ్చాడు. ఓనర్ ఎవరన్నాడు. ఆ పిల్ల మళ్లీ వచ్చింది, మళ్లీ తెరిచి చూపించింది. ఆ పైఏడూ అంతే. విసుగు రాదా అని ఒకసారి అడిగితే, విసుక్కునే తీరిక దొరకడం లేదక్కా అని నవ్వింది. చిన్నమ్మ రిటైరయిన రోజు సాయంత్రం, వచ్చిన అర్జీలన్నీ పంపేసి గానీ పూలదండకు మెడ వంచలేదు.

కాలం మారిందని ఊరికే అనేస్తుంటాం. మా ఇంట్లో మాత్రం అది తనంతట తాను మారలేదు, ఏటా ఒక పిల్ల పాలమూరు బస్సు దిగి వచ్చి మార్చి పోయింది.