పట్టుకోండిగారి కరెంటు పని

మా ఎలక్ట్రీషియన్‌గారిని పనికి పిలిస్తే ముందుగా పని దొరికేది ఇంట్లోవాళ్లకే. ఆయన నోట నమస్కారం కన్నా ముందు వచ్చే మాట, "కాస్త ఇది పట్టుకోండి." తలుపు తీసినవాళ్ల చేతిలో టెస్టరు పెట్టాకే చెప్పులు విప్పుతారు. ఊరంతా ఆయన్ని పట్టుకోండిగారనే అంటుంది. అసలు పేరేమిటని నేనోసారి అడిగాను. "చెప్తానుగానీ, ముందు ఈ వైరు పట్టుకోండి," అన్నారు. ఆ తర్వాత ఇద్దరం మర్చిపోయాం.

మా ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఉప్పుగాలికి స్విచ్చులన్నీ లోపల పచ్చగా చిలుము పట్టాయి. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చురుక్కుమనేది. హాల్లో ఫ్యాను వేస్తే వంటింట్లో లైటు ఆరిపోయేది. వైర్లన్నీ మార్పించి, గీజరు పెట్టించి, స్విచ్చులను నాన్నకు అందే ఎత్తుకు దింపించాలని అమ్మ పట్టుబట్టింది.

నాన్న రేవులో క్రేన్ నడిపేవారు. ముప్పై ఏళ్లపాటు ఓడల మీదికి ఇనుప పెట్టెలు ఎత్తిన మనిషి. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాళ్లు కోలుకున్నాయిగానీ కుడిచెయ్యి మాట వినలేదు. చెంచా జారిపోతోందని అందరితో కలిసి తినడం మానేశారు. గదిలో పరదా వేసుకుని కూర్చునేవారు. డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి మంచం కింద దుమ్ము కొట్టుకుపోతోంది. ఆ మాటెత్తితే, "ఇంక ఈ చేత్తో పనేముందిలే," అనేవారు.

మొదటిరోజు మాతోనే ఉండే మా మేనత్తకు నిచ్చెన, అమ్మకు బల్బుల అట్టపెట్టె, నాకు కొలతల టేపు దక్కాయి.

"నిచ్చెన గోడకి ఆనే ఉంది కదయ్యా, మళ్లీ నేనెందుకు?" అంది అత్తయ్య.

"గోడని నమ్మలేమండీ," అన్నారాయన పైనుంచి.

పార్సిల్ తెచ్చిన కొరియర్ మనిషి సంతకానికి పెన్ను తీసేలోగా అతని చేతిలో ఆరడుగుల పైపు ఉంది. అరగంట పట్టుకుని, దాన్ని భద్రంగా మూలన నిలబెట్టి, మా పార్సిల్ మాకివ్వకుండానే వెళ్లిపోయాడు. డ్రిల్లింగ్ చప్పుడుకు చెవులు పోతున్నాయని తగాదాకు వచ్చిన పక్కింటి లెక్కల మాస్టారు, గోడలో పడుతున్న రంధ్రం కింద పళ్లెం పెట్టి దుమ్ము పట్టారు. వెళ్తూ వెళ్తూ, "రేపెన్నింటికి మొదలుపెడతారు?" అని అడిగారు.

"మనల్నిలా పట్టుకోమంటూ పోతే ఈయన చేసే పనేమిటే?" అంది అత్తయ్య రాత్రి భుజం రుద్దుకుంటూ.

మూడోరోజు పట్టుకోండిగారు మెయిన్ ఆపేసి, వైరు చుట్ట చంకలో పెట్టుకుని తిన్నగా నాన్న గదిలోకి నడిచారు. వెనకనుంచి అమ్మ వద్దువద్దని చేతులూపుతూనే ఉంది.

"సార్, కాస్త ఇది పట్టుకోండి."

నాన్న ఎడమచెయ్యి చాచారు. పట్టుకోండిగారు వైరును ఆయన కుడిచేతిలో పెట్టారు.

"ఆ చెయ్యి పనిచెయ్యదు," అన్నారు నాన్న చిరాగ్గా.

"పనిచెయ్యక్కర్లేదు సార్. పట్టుకుంటే చాలు."

వైరు కిందపడింది. పట్టుకోండిగారు వంగి తీసి మళ్లీ అదే చేతిలో పెట్టారు. "నేను రోజుకి ఇరవైసార్లు పడేస్తాను," అని, హాల్లోకి వెళ్లి గోడలోని పైపులోంచి రెండోకొసను బరబరా లాగడం మొదలుపెట్టారు.

"ఏమయ్యా! అట్లాగేనా లాగేది?" అని గదిలోంచి ఒక కేక. "అవతల బరువెంతుందో చూసుకోవా? మెల్లగా! నేను వదులుతుంటే నువ్వు లాగు!"

ఎనిమిది నెలల తర్వాత మా ఇంట్లో వినపడిన తొలి కేక అది. కోప్పడ్డారని సంతోషపడ్డ ఇల్లాలిని నేను చూసింది అప్పుడే. అత్తయ్యైతే నిచ్చెన వదిలేసి మరీ వచ్చింది.

రెండుమూడు రోజుల్లో అయిపోతుందనుకున్న పని పదకొండు రోజులు సాగింది. రోజూ నాన్న చేతిలో ఏదో ఒకటి ఉండేది. మొదట లావుపాటి పైపు, తర్వాత వైరు, తర్వాత స్విచ్చు, ఆ తర్వాత స్క్రూలు. అవి రోజురోజుకీ చిన్నవవుతున్నాయని నేను గమనించలేదు.

తొమ్మిదోరోజు, నేను పనిచేసే చేపల కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయింది. గంటలో బాగుచెయ్యకపోతే సరుకంతా పాడవుతుందని మేనేజరు గిలగిల్లాడుతున్నాడు. కబురందుకుని పట్టుకోండిగారే వచ్చారు. నేను అలవాటుకొద్దీ రెండుచేతులూ చాచి నిలబడ్డాను. ఆయన నావైపు చూడనేలేదు. టార్చి పళ్లతో కరిచిపట్టి, నిచ్చెనను ఎవరూ పట్టుకోకుండానే ఎక్కి, స్క్రూలన్నీ విప్పి అరచేతిలో పోసుకుని, ఒక్కరే పావుగంటలో పని కానిచ్చేశారు.

"నేను పట్టుకోనా?" అని మధ్యలో మేనేజరు ముందుకొచ్చాడు.

"వద్దండీ, అడ్డం," అన్నారు టార్చి తీసి.

గేటు దగ్గర ఆయన్ని నిలేశాను. "మరి మా ఇంట్లో మా అందరిచేతా ఎందుకు మోయించారండీ?"

ఆయన తప్పు దొరికిపోయినట్టు నేలచూపులు చూశారు. "ఇక్కడందరికీ ఎవరి పని వాళ్లకుందమ్మా. ఇళ్లలో అట్లా కాదు. నాతో పనేముందిలే అనుకుని కూర్చునేవాళ్లు ఒకరుంటారు. వాళ్లెవరో మొదటిరోజే తెలీదు కదా. ఒక్కళ్లకే ఇస్తే జాలిపడ్డాడని కనిపెట్టేస్తారు. అందుకని అందరికీ ఇస్తా." కాస్త ఆగి, "అత్తయ్యగారి భుజం ఎలా ఉంది?" అన్నారు.

ఆయన చెప్పిన కారణం నేను ఇంట్లో చెప్పలేదు.

చివరిరోజు మెయిన్ వేసింది నాన్నే, కుడిచేత్తో. రెండుసార్లు జారింది. మూడోసారికి ఇల్లంతా ఒక్కసారి వెలిగింది. పక్కింటి మాస్టారు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే నాన్న స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, వీధిగుమ్మంలో బూట్లు వేసుకుంటున్నారు. బొత్తాలు ఆయనే పెట్టుకున్నట్టున్నారు. ఒకటి తప్పి కాలరు ఒకవైపుకు లేచింది.

"ఎక్కడికి నాన్నా?"

"ఆ ఎలక్ట్రీషియన్ ఇవాళ స్కూల్లో లైను వేస్తున్నాడటమ్మా. పాపం, మనిషి మంచివాడేగానీ, వైరు లాగడమే చేతకాదు. పక్కన పని తెలిసినవాడు ఒకడు లేకపోతే అన్నీ తెంపుకు కూర్చుంటాడు."

నాకు నవ్వాగలేదు. దాన్ని దగ్గులోకి మార్చుకున్నాను.

"మధ్యాహ్నం భోజనానికి వస్తారా?" అంది అమ్మ లోపలినుంచి.

"చెప్పలేను," అన్నారు నాన్న గేటు తీస్తూ. "పనిని బట్టి."